పరవూరివాడి గొంతు: అపరాధ పరిశోధక కథల చరిత్రలో ఒక మాట

అపరాధ పరిశోధక నవల చేతిలో కనిపిస్తే పెద్దలు ముఖం చిట్లించడం మన ఇళ్ళలో పాత ఆచారం. రామాయణమో భారతమో, కనీసం ఒక సాంఘిక నవలో చదువుకోక ఈ హత్యల గొడవ మీకెందుకని వారి ప్రశ్న. అయితే అలా కోప్పడిన పెద్దలే మధ్యాహ్నం భోజనం కాగానే, పిల్లలు దాచిన పుస్తకాన్ని వెదికి తీసి, చివరి పుట వరకు చదివి, మళ్ళీ యథాస్థానంలో పెట్టిన సందర్భాలు లేకపోలేదు. రాత్రి బండిలో ప్రయాణం చేసేవారికి, మా వలె రైల్వేలో రాత్రి డ్యూటీ చేసే గుమాస్తాలకు ఈ పుస్తకాలు చేసిన ఉపకారం ఇంతా అంతా కాదు. నిద్ర ఆపుకోవడానికి టీ కంటె ఇవే మేలు.

నిద్ర ఆపడమొక్కటే వీటి ప్రయోజనమైతే ఈ ఉగాది సంచికలో ఇన్ని పుటలు వీటికి ఇమ్మని సంపాదకవర్గాన్ని అడిగి ఉండేవాళ్ళం కాము. ఈ కథల చరిత్రను కొంచెం తిరగవేసి చూస్తే, మనబోటి ప్రవాసాంధ్రులకు బాగా దగ్గరగా తగిలే విషయం ఒకటి కనిపించింది. ఊళ్ళో నేరం జరిగిందంటే జనం చూపు ముందుగా ఎవరి మీద పడుతుంది? వేరే భాష మాట్లాడేవాడి మీద, నిన్న మొన్న వచ్చి దిగినవాడి మీద. ఆ చూపును పట్టి నిలబెట్టి, "ఆగండి, ఋజువేది?" అని అడగడం ఈ కథలకు పుట్టుకతో వచ్చిన గుణం. ఆ గుణం ఎట్లా వచ్చింది, ఎక్కడెక్కడ తప్పింది, ఎవరికి మేలు చేసింది అన్నదే ఈ వ్యాసం.

పారిస్ ఇంట్లో వినిపించిన గొంతు

అపరాధ పరిశోధక కథకు పుట్టిన తేదీ చెప్పగలగడం ఒక విశేషం. సాహిత్యంలో చాలా ప్రక్రియలకు ఆ అదృష్టం లేదు. 1841 ఏప్రిల్‌లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం నుంచి వెలువడే గ్రాహమ్స్ మేగజీన్ అనే పత్రికలో, ఎడ్గార్ అలన్ పో వ్రాసిన "రూ మోర్గ్ హత్యలు" అనే కథ అచ్చయింది. అంతకు ముందు కూడ దొంగల కథలు, నేరాల కథలు ఎన్నో ఉన్నాయి. కాని నేరం ముందు చూపించి, ఆధారాలను ఒకటొకటిగా పాఠకుని ముందు పెట్టి, బుద్ధిబలంతో ముడి విప్పే మనిషిని కథానాయకుణ్ణి చేయడం దీనితోనే మొదలైందని విమర్శకులు ఒప్పుకుంటారు.

కథ జరిగేది పారిస్ నగరంలో. తల్లీ కూతుళ్ళిద్దరు నాలుగో అంతస్తు ఇంట్లో ఘోరంగా చంపబడ్డారు. గది తలుపుకు లోపలినుంచి తాళం వేసి ఉంది. కేకలు విని మెట్లెక్కి పరుగెత్తినవారికి లోపల రెండు గొంతులు వినిపించాయి. అందులో బొంగురు గొంతు ఒక ఫ్రెంచివాడిదని అందరూ ఒప్పుకున్నారు. రెండవది కీచు గొంతు. అది ఏ భాష?

అక్కడే ఉన్నది చమత్కారం. ఫ్రెంచి పోలీసువాడు అది స్పానిషు అన్నాడు. పొరుగున ఉన్న వెండిపనివాడు ఇటాలియన్ అన్నాడు. అతనికి ఇటాలియన్ రాదు. డచ్చి దేశస్థుడైన హోటలువాడు ఫ్రెంచి అన్నాడు. అతనికి ఫ్రెంచి రాదు గనుక సాక్ష్యం కూడ దుబాసీ ద్వారా ఇచ్చాడు. ఇంగ్లీషు దర్జీ జర్మను అన్నాడు, జర్మను రాదు. స్పానిషువాడు ఇంగ్లీషు అన్నాడు, ఇంగ్లీషు రాదు. ఇటలీనుంచి వచ్చిన మిఠాయివాడు రష్యను అన్నాడు. అతడు జన్మలో ఒక్క రష్యనుతోనైనా మాట్లాడి ఎరుగడు.

ఇంతమంది సాక్షులలో "అది నా భాషే" అన్నవాడు ఒక్కడూ లేడు. ప్రతివాడికీ ఆ వికారమైన గొంతు తనకు తెలియని మరో జాతివాడి గొంతుగానే వినిపించింది. ఈలోగా పోలీసులు ఊరకుండరు గదా! ఆ ఇంటికి డబ్బు సంచులు చేరవేసి వెళ్ళిన ఒక బ్యాంకు గుమాస్తాను పట్టుకుని ఖైదులో పెట్టారు. అతనిపై ఆధారమేమీ లేదు. ఈ కథ అచ్చయి 180 ఏళ్ళు దాటింది గనుక ముడి విప్పినా తప్పు లేదు. డ్యూపాన్ అనే ఆ పరిశోధకుడు సాక్ష్యాలన్నీ పక్కపక్కన పెట్టి చూసి, అది ఏ జాతి మనిషి గొంతూ కాదని తేల్చాడు. బోర్నియో దీవినుంచి ఒక నావికుడు తెచ్చిన ఒరాంగుటాన్ అనే పెద్ద కోతి గొంతు అది.

పో మహాశయుడు దీనిని నీతికథగా వ్రాయలేదు. కథలో చిక్కుముడిగా వాడుకున్నాడు. అయినా మొట్టమొదటి పరిశోధక కథలోనే, అర్థంకాని ధ్వనికి పరదేశిని బాధ్యుణ్ణి చేసే చెవుల తప్పు బయటపడడం గమనించదగిన సంగతి.

రైలు తెచ్చిన కొత్తమొహాలు

ఈ కథలు ఆ కాలంలోనే పుట్టడానికి కారణం లేకపోలేదు. పల్లెలో ప్రతివాడికి ప్రతివాడు తెలుసు. ఎవరి తాత ఎవరో, ఎవరు ఏ వేళకు పొలానికి వెళతారో చెప్పనక్కరలేదు. పెద్ద నగరాలు పెరిగిన తరువాత పొరుగువాటాలో ఉన్నది ఎవరో తెలియని పరిస్థితి వచ్చింది. లండన్ నగరానికి మెట్రోపాలిటన్ పోలీసు 1829లో ఏర్పడింది. అందులో ప్రత్యేకంగా పరిశోధక శాఖ 1842లో ఏర్పడింది. 1830లో లివర్‌పూల్, మాంచెస్టరుల మధ్య రైళ్ళు నడిచాయి. మన దేశంలో 1853లో బొంబాయి నుంచి ఠాణాకు, 1856లో మద్రాసు రాయపురం నుంచి ఆర్కాటు వైపు బండ్లు బయలుదేరాయి. మన పూర్వులలో ఎందరో అటు తరువాత ఆ పట్టాల వెంబడే పొరుగు రాష్ట్రాలకు చేరారు.

రైలు మనుషులను తెచ్చింది, పుస్తకాలనూ తెచ్చింది. 1848లో లండన్ యూస్టన్ స్టేషనులో డబ్ల్యూ. హెచ్. స్మిత్ కంపెనీవారు పుస్తకాల స్టాలు పెట్టారు. మన దేశంలో ఉత్తరాన వీలర్, దక్షిణాన హిగ్గిన్‌బాథమ్స్ స్టాళ్ళు ఎరుగనివారుండరు. బండి ఎక్కేముందు కొని, దిగేలోపల ముగించదగిన పుస్తకం కావాలి. ఎదురుగా కూర్చున్నవాడెవడో తెలియని పెట్టెలో, ఎదుటివాడెవడో కనిపెట్టే కథ చదవడంలో ఒక ప్రత్యేకమైన రుచి ఉన్నది.

శ్రీరంగపట్టణపు వజ్రం

ఇంగ్లీషులో వచ్చిన మొదటి గొప్ప పరిశోధక నవలలలో ఒకటి విల్కీ కాలిన్స్ వ్రాసిన "ది మూన్‌స్టోన్". చార్లెస్ డికెన్స్ నడిపిన పత్రికలో 1868లో ధారావాహికంగా వచ్చింది. కన్నడదేశంలో స్థిరపడిన మనవారికి దీనితో ఒక బంధుత్వం ఉన్నది. కథ మొదలయ్యేది శ్రీరంగపట్టణంలోనే. 1799 మే నెలలో ఆంగ్లసేనలు టిప్పుసుల్తాను కోటను పట్టుకున్న రోజున, ఒక ఆంగ్ల సైనికోద్యోగి కావలివారిని చంపి, చంద్రదేవునికి చెందిన పవిత్ర వజ్రాన్ని కాజేస్తాడు. వజ్రం కల్పితమైనా ముట్టడి చరిత్రే.

ఆ వజ్రం యాభై ఏళ్ళ తరువాత ఇంగ్లండులోని ఒక పెద్దింటి పిల్లకు పుట్టినరోజు కానుకగా వస్తుంది. ఆ రాత్రే మాయమవుతుంది. అంతకు ముందే గారడివాళ్ళ వేషంలో ముగ్గురు హిందువులు ఆ ఇంటి దగ్గర కనిపించారు. ఇంకేమున్నది? స్థానిక పోలీసు అధికారి వారిని పట్టుకున్నాడు. దొంగతనం జరిగిన వేళకు వారు వేరేచోట ఉన్నారని సాక్ష్యం స్పష్టంగా తేలినా, దిమ్మరులన్న సాకుతో వారం రోజులు జైలులో ఉంచారు. వారు వజ్రం కోసమే వచ్చినవారన్న మాట నిజం. దానికోసం ప్రాణం తీయడానికైనా వెనుదీయరని కథ చివర తెలుస్తుంది. కాని ఆ రాత్రి దొంగతనం వారిది కాదు. దాని జవాబు పెద్దింటి నాలుగు గోడల లోపలే దొరుకుతుంది. అది ఎవరో చెప్పి, ఇంకా చదవనివారి ఆనందం చెడగొట్టము. అసలు మొదటి దొంగ శ్రీరంగపట్టణంలో దోపిడి చేసిన దొర అన్న సంగతి మాత్రం కాలిన్స్ మొదటి పుటలలోనే చెప్పేశాడు. 1868లో ఒక ఆంగ్లేయుడు ఆ మాట వ్రాయడం చిన్న సంగతి కాదు.

కథ వ్రాసినవాడే పరిశోధకుడైన వేళ

షెర్లాక్ హోమ్స్ పేరు తెలియని చదువరి లేడు. ఆర్థర్ కానన్ డాయల్ ఆయనను 1887లో సృష్టించి, 1927 వరకు నాలుగు నవలలు, 56 కథలు వ్రాశాడు. మధ్యలో 1893లో హోమ్స్‌ను జలపాతంలో పడవేసి వదిలించుకోబోయినా, పాఠకులు ఊరుకోనందున 1903లో మళ్ళీ బ్రతికించవలసి వచ్చింది. ఈ కథలన్నీ పలుమార్లు చదివినవారు కూడ, డాయల్ నిజ జీవితంలో చేసిన ఒక పరిశోధనను గూర్చి వినకపోయి ఉండవచ్చు. మనకు అన్నిటికంటె ముఖ్యమైనది అదే.

బొంబాయికి చెందిన షాపూర్జీ ఎడల్జీ అనే పార్సీ క్రైస్తవమతం స్వీకరించి, ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైరు జిల్లాలో గ్రేట్ వైర్లీ అనే గ్రామానికి పాదరీగా వెళ్ళాడు. భార్య ఆంగ్లేయురాలు. తెల్లవారి ఊళ్ళో, తెల్లవారి చర్చిలో భారతీయుడు ధర్మబోధ చేయడం కొందరికి కంటగింపు అయింది. ఏళ్ళ తరబడి ఆ ఇంటికి ఆకాశరామన్న ఉత్తరాలు వచ్చాయి. పెద్దకొడుకు జార్జి న్యాయవాది అయి, రోజూ రైలులో బర్మింగ్‌హాం వెళ్ళి వస్తూండేవాడు. 1901లో రైలు ప్రయాణికుల హక్కులను గూర్చి ఒక చిన్న న్యాయశాస్త్ర పుస్తకం కూడ వ్రాశాడు. రైల్వేవారమైన మాకు ఆ పేరుపై కొంచెం ఎక్కువ అభిమానమని చెప్పుకోవడంలో సిగ్గు లేదు.

1903లో ఆ ప్రాంతంలో రాత్రివేళ ఎవరో పశువులను కత్తితో కోయసాగారు. ఒక పొట్టిగుర్రం గాయపడిన తరువాత పోలీసులు జార్జి ఎడల్జీని నిర్బంధించారు. అతడు ఖైదులో ఉండగా కూడ పశువులపై దాడులు ఆగలేదు. అయినా ఆ అక్టోబరులో ఏడేళ్ళ కఠినశిక్ష పడింది. వేలమంది సంతకాలతో అర్జీలు వెళ్ళాక, 1906లో కారణం చెప్పకుండా వదలిపెట్టారు. శిక్ష మాత్రం రద్దు కాలేదు. వకీలు వృత్తి పోయింది.

1907 జనవరిలో డాయల్ అతనిని లండన్ హోటలులో కలుసుకోబోయాడు. ఎడల్జీ వార్తాపత్రికను ముఖానికి ఆనించి, పక్కకు తిప్పి చదువుకుంటున్నాడు. డాయల్ స్వయంగా కంటివైద్యం చదివినవాడు గనుక చూడగానే గ్రహించాడు. ఇంత హ్రస్వదృష్టి గలవాడు వాన కురిసే చీకటి రాత్రి రైలుపట్టాల వరుసలు దాటి, తీగెలు, కంచెలు, బురదపొలాలు దాటి, పోలీసు కావలి తప్పించుకుని పశువును కోసి రావడం సాధ్యమా? డాయల్ ఆ గ్రామానికి వెళ్ళి దారులన్నీ నడిచి చూసి, డైలీ టెలిగ్రాఫ్ పత్రికలో వివరంగా వ్రాశాడు. 1907 మే నెలలో ప్రభుత్వం ఎడల్జీకి క్షమాపణ ఇచ్చింది. ఉత్తరాలు తానే వ్రాసుకున్నాడన్న అపవాదును మాత్రం వదలలేదు, నష్టపరిహారం ఒక్క కాసు ఇవ్వలేదు. ఆ ఏడే వృత్తిలోకి తిరిగి వచ్చి, 1953లో చనిపోయే వరకు ఎడల్జీ ఆ పరువుతోనే జీవించాడు. ఇంగ్లండులో క్రిమినల్ అప్పీళ్ళకు ప్రత్యేక న్యాయస్థానం 1907లోనే శాసనమైంది; అందుకు దోహదం చేసిన కేసులలో ఇదొకటి.

అంతటితో డాయల్ ఊరుకోలేదు. గ్లాస్గోలో 1908 డిసెంబరులో ఒక వృద్ధురాలు హత్యకాగా, జర్మనీనుంచి వచ్చిన ఆస్కార్ స్లేటర్ అనే యూదుని పట్టుకున్నారు. అతడు ఒక బ్రూచి తాకట్టు పెట్టాడన్నదే మొదటి ఆధారం. ఆ నగ హతురాలిది కాదని, హత్యకు చాలా రోజుల ముందే తాకట్టుకు వెళ్ళిందని తేలినా కేసు ఆగలేదు. మరణశిక్ష పడి, యావజ్జీవంగా మారింది. డాయల్ 1912లోనే దీనిపై చిన్నపుస్తకం వ్రాశాడు. పద్ధెనిమిదేళ్ళకు పైగా జైలులో మగ్గి 1927లో స్లేటర్ బయటకు వచ్చాడు. 1928లో తీర్పు రద్దయింది. పరదేశి, పైగా జూదగాడన్న పేరు. అట్టివాడిపై జాలిపడేవారెవరు? ఋజువు చూసినవాడే పడ్డాడు.

ఈ కథలలోని దోషం

ఇదంతా చెప్పి ఈ కథలు చేసిన పాపం దాచితే న్యాయం కాదు. అదే డాయల్ 1890లో వ్రాసిన "ది సైన్ ఆఫ్ ఫోర్"లో, ఆండమాన్ దీవివాసిని మనిషికంటె మృగానికి దగ్గరగా చిత్రించాడు. 1913లో శాక్స్ రోమర్ ఫూ మాంచూ అనే చీనా దుర్మార్గుణ్ణి తెచ్చాడు. ఆ పిమ్మట చౌకరకం నవలలలో చీనావాడు కనిపిస్తే చాలు, కుట్ర ఎవరిదో పాఠకుడికి తెలిసిపోయేది. ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, 1929లో రోనాల్డ్ నాక్స్ అనే పాదరీ పరిశోధక కథలకు పది నిబంధనలు వ్రాస్తూ, కథలో చీనావాడు ఉండరాదని ఒక నిబంధన పెట్టాడు. ఇప్పుడు చదివితే వింతగా తోస్తుంది గాని, అరిగిపోయిన ఆ పరదేశి దుర్మార్గుణ్ణి వదలిపెట్టమన్న ఎత్తిపొడుపే అందులోని అర్థం.

ఆ పాత్రకు జవాబుగా అన్నట్లు 1925లో అమెరికా రచయిత ఎర్ల్ డెర్ బిగ్గర్స్, హొనొలూలూ నగర పోలీసులో పనిచేసే చార్లీ చాన్ అనే చీనా పరిశోధకుణ్ణి సృష్టించాడు. అంతకు ముందే 1920లో అగాథా క్రిస్టీ మొదటి నవల వెలువడింది. అందులోని హెర్క్యూల్ పారో ఎవరు? మొదటి ప్రపంచయుద్ధంలో ఇల్లువాకిలి వదలి ఇంగ్లండుకు వచ్చిన బెల్జియం శరణార్థి. ఒక పెద్దావిడ దయవలన ఆ పల్లెలో తలదాచుకున్నవాడు. ఆవిడే హత్యకు గురైతే, ఉపకారానికి బదులు తీర్చుకోవడంగా పరిశోధనకు పూనుకుంటాడు. అతణ్ణి అందరూ ఫ్రెంచివాడనుకుంటారు. మీసం చూసి క్షౌరవృత్తి చేసి విరమించినవాడనుకున్న పెద్దమనిషీ ఉన్నాడు. ఒక నవలలో తన వచ్చీరాని ఇంగ్లీషు రహస్యం అతడే చెబుతాడు. బాగా మాట్లాడగలిగినా, కావాలనే తప్పులతో మాట్లాడతాడట. పరదేశిని చూసి ఎదుటివారు చులకనగా తలచి, జాగ్రత్త మరచి, ఉన్నదంతా చెప్పేస్తారని. పొరుగుభాషలో నాలుగు తప్పులు దొర్లి నవ్వులపాలైన మనవారెందరికో ఈ ముక్క చదివితే కడుపు నిండుతుంది. 1934లో వచ్చిన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ కథలో కూడ, కత్తిపోట్లు చూడగానే రైలు కంపెనీ పెద్దమనిషి ఒకడు పెట్టెలోని ఇటలీవాడే హంతకుడని పట్టుపడతాడు. పారో తొందరపడడు.

గడియారానికి భాష లేదు

మంచి పరిశోధక కథకు ఆధారం మనిషి వంశం మీద ఉండదు, పనిమీద ఉంటుంది. ఆ వేళకు ఎక్కడున్నాడు? ఏ బండి ఎక్కాడు? ఇక్కడ రైల్వే చేసిన ఉపకారం పెద్దది. టైంటేబిలు చూసి అబద్ధాన్ని పట్టుకునే నవలలలో ఫ్రీమన్ విల్స్ క్రాఫ్ట్స్‌ది అందెవేసిన చేయి. ఆయన ఐర్లండులో రైల్వే ఇంజనీరుగా పనిచేసినవాడు. మొదటి నవల 1920లో వచ్చింది. జపానులో సైచో మట్సుమోటో 1958లో పుస్తకంగా వెలువరించిన "పాయింట్స్ అండ్ లైన్స్" నవలలో కీలకం టోక్యో స్టేషనులోని నాలుగు నిమిషాలే. ఒక ప్లాటుఫారం మీదినుంచి మరో ప్లాటుఫారంపై నిలిచిన బండి అడ్డు లేకుండా కనబడేది రోజుకు ఆ నాలుగు నిమిషాలు మాత్రమే. అదే వేళకు సాక్షులు అక్కడ ఎందుకున్నారు? ఇదీ ప్రశ్న. గడియారానికి కులం లేదు, టైంటేబిలుకు భాష లేదు. బండి మనవాడికని ఆగదు, పరాయివాడని ముందుగా కదలదు.

వేలిముద్రల సంగతి కూడ ఇంతే. ప్రపంచంలో మొదటి వేలిముద్రల కార్యాలయం 1897లో కలకత్తాలో ఏర్పడింది. ఆ వర్గీకరణ పద్ధతి ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో ప్రసిద్ధమైనా, దానికి పాటుపడినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయులు. మొదటి పెద్ద కేసు జల్పాయిగురి ప్రాంతంలోని తేయాకు తోట మేనేజరు హత్య. అనుమానితుల జాబితాలో తోట కూలీలు ఉన్నారు, వంటవాడు ఉన్నాడు, ఆ సమీపంలో గుడారాలు వేసుకున్న దేశదిమ్మరులైన కాబూలీవాళ్ళూ ఉన్నారు. కాని పెట్టెలో దొరికిన ఒక బెంగాలీ పంచాంగం నీలిరంగు అట్టపై గోధుమరంగు మరకలు రెండు కనిపించాయి. అందులో ఒకటి, దొంగతనానికి వెనుక శిక్షపడిన పాత నౌకరు కుడి బొటనవ్రేలి ముద్ర అని తేలింది. 1898లో అతనికి దొంగతనానికి శిక్ష పడింది. హత్య చేసినట్లు సాక్ష్యం చాలదని ఆ నేరానికి శిక్షించలేదు. ఋజువు ఎంతవరకు పోతుందో తీర్పు అంతవరకే పోవాలన్న నీతి అక్కడున్నది. కాబూలీవాళ్ళను కాపాడింది ఒక పంచాంగం అట్ట!

అయితే అదే ప్రభుత్వం 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టం ఇందుకు పూర్తి విరుద్ధం. ఫలానా కులంలో పుట్టడమే నేరమన్నది దాని సారాంశం. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. మన బాపట్ల దగ్గరి స్టువార్టుపురం అట్లా ఎరుకలవారి కోసం ఏర్పడిన సెటిల్‌మెంటే. అక్కడ పుట్టిన పసిబిడ్డకు కూడ ఆ పేరు అంటుకుంది. 1952లో చట్టం రద్దయి వారు విముక్త జాతులైనారు. చట్టం పోయినంత త్వరగా జనం నోటిమాట పోలేదు. తెలుగువారమైన మనం ఇది మరువరాదు. పరాయిచూపు వలన బాధపడడమే గాక, ఆ చూపు చూసిన చరిత్ర కూడ మనకున్నది.

మన భాషలలో

ఈ కథలు మన దేశభాషలన్నిటిలో వేళ్ళూనాయి. బెంగాలీలో ప్రియనాథ్ ముఖోపాధ్యాయ అనే పోలీసు ఉద్యోగి 1892లో తన కేసులను కథలుగా ప్రచురించసాగాడు. హిందీలో గోపాల్‌రామ్ గహ్మరీ 1900లో "జాసూస్" పత్రిక స్థాపించాడు. శరదిందు బందోపాధ్యాయ 1932లో సృష్టించిన బ్యోమకేశ్ తనను డిటెక్టివ్ అనడం గిట్టక, సత్యాన్వేషి అని చెప్పుకున్నాడు. ఎంత చక్కని పేరు! సత్యజిత్ రాయ్ ఫెలూదా 1965లో వచ్చాడు. ఇబ్నె సఫీ ఉర్దూలో 1952లో అలహాబాదునుంచి మొదలుపెట్టిన "జాసూసీ దునియా" కోసం పాఠకులు కాచుకుని ఉండేవారు. మరాఠీలో బాబూరావ్ అర్నాళ్కర్ వెయ్యికి పైగా రహస్యకథలు వ్రాశాడు. కన్నడంలో ఎన్. నరసింహయ్య గారి పత్తేదార పురుషోత్తమ, తమిళంలో సుజాత గారి గణేశ్, వసంత్ అనే వకీళ్ళ జంట ఇంటింటి పేర్లయినాయి. మన తెలుగులో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు ఒక తరం పాఠకులకు సొంత బంధువులు. తెలుగు బడి లేని ఊళ్ళలో పెరిగిన పిల్లలు అక్షరాలు కూడబలుక్కున్నది ఈ నవలల మీదనే అని చెప్పే పెద్దలను మేము ఎరుగుదుము.

ఇటీవలి రచయితలు పాత లెక్కలు సరిచేస్తున్నారు. జూలియన్ బార్న్స్ 2005లో ఎడల్జీ, డాయల్‌ల కథనే "ఆర్థర్ అండ్ జార్జ్" అనే నవలగా వ్రాశాడు. స్కాట్లండులో పెరిగిన బెంగాలీ వంశీయుడు అబీర్ ముఖర్జీ 2016లో, 1919 నాటి కలకత్తాను రంగంగా తీసుకుని, ఆంగ్ల అధికారి పక్కన బెనర్జీ అనే సార్జెంటును నిలబెట్టాడు. సుజాతా మాసీ 2018లో వెలువరించిన నవలలో 1921 నాటి బొంబాయి పార్సీ వకీలు పర్వీన్ మిస్త్రీ, మగవారు అడుగుపెట్టరాని ఘోషా ఇంట్లోకి వెళ్ళి నిజం కనుక్కుంటుంది. వెనుక అనుమానితులుగా నిలబడినవారే ఇప్పుడు ప్రశ్నలు అడిగే స్థానంలో ఉన్నారు.

చివరిగా చదువరులకు మా మనవి. ఈ ఊళ్ళలో మనం ఇప్పుడు కొత్తవారం కాము. రెండు మూడు తరాలయింది. ఇళ్ళు కట్టుకున్నాం, స్థానికభాషలో పిల్లలు మనకంటె బాగా మాట్లాడుతున్నారు. కాలనీలో సైకిలు పోయినా, పంపు దగ్గర బిందె పోయినా ఒకప్పుడు మన వాటా తలుపు తట్టేవారు. ఇప్పుడు ఎవరి తలుపు తడుతున్నారు? నిన్న బండి దిగి, పట్టాల పక్కన రేకుల షెడ్డులో వంట చేసుకుంటున్న కూలీలది. తట్టేవారి గుంపులో మనవారు కూడ ఉండడం మేము చూశాము. ఆ కూలీల మాట మనకు అర్థం కాదు. పారిస్ మెట్లమీద నిలబడిన ఆ సాక్షులకు కూడ ఆ గొంతు అర్థం కాలేదు.

కాబట్టి మన సంఘం గ్రంథాలయంలో అపరాధ పరిశోధక నవలలకు ఒక బీరువా కేటాయించవలసిందని కోరుతున్నాము. పిల్లలు చదివితే తెలుగు వస్తుంది. శ్రద్ధగా చదివితే ఋజువు అడిగే అలవాటు కూడ వస్తుంది. మనమీద నింద పడ్డప్పుడు ధైర్యంగా అడగడానికి, మరొకరిమీద పడ్డప్పుడు మరింత గట్టిగా అడగడానికి ఆ అలవాటు పనికివస్తుంది. పెద్దలు ముఖం చిట్లించకుండా తామూ ఒకటి తీసుకుని కూర్చుంటే ఇంకా సంతోషం. పాఠకులందరికీ ఉగాది శుభాకాంక్షలు.